పాత వెస్టర్న్‌లలో నిజమైన లకోటా నటులు ఉన్నారా? లూథర్ స్టాండింగ్ బేర్ దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: "పాత హాలీవుడ్ వెస్టర్న్‌లలో కేకలేస్తూ గుర్రాల మీద దూసుకొచ్చే రెడ్ ఇండియన్లలో అసలువాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక అందరూ రంగు పూసుకున్న తెల్లవాళ్లేనా? లకోటా తెగకు చెందిన ఒక్క నటుడి జీవితమైనా వివరంగా చెప్పగలరా?"

ఉన్నారండీ, బోలెడంతమంది ఉన్నారు. కాకపోతే డైలాగున్న వేషం తెల్లవాడిది, వెనకాల గుంపు వీళ్లది. నేను చాలాకాలం డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి, ఇప్పుడు సినిమా చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్నాను. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి పేరు లూథర్ స్టాండింగ్ బేర్. మూకీల కాలం నుంచి 1939 దాకా తెర మీద ఉన్నాడు. అంతకంటే ముఖ్యంగా, తనకు జరిగిందంతా తన చేత్తోనే రాసిపెట్టి పోయాడు. ఆ తరంలో గుర్రాల మీద కనిపించే ఇంకెవరి గురించీ మనకు ఇంత తెలియదు.

వెతికేముందు ఒక జాగ్రత్త. ఉత్త "స్టాండింగ్ బేర్" అని కొడితే వేరే మనుషులు వచ్చి పడతారు. ఇండియన్ (ఇక్కడంతా అమెరికా ఆదివాసి అనే అర్థం) కూడా చట్టం దృష్టిలో మనిషేనని 1879లో ఒమాహా కోర్టులో తీర్పు తెచ్చుకున్న నాయకుడు ఒకడు, ఆయన పోంకా తెగవాడు. సౌత్ డకోటా కొండలో క్రేజీ హార్స్ అనే లకోటా వీరుడి శిల్పం చెక్కమని శిల్పిని పిలిపించిన హెన్రీ స్టాండింగ్ బేర్ ఇంకొకడు, అతను మన లూథర్ తమ్ముడు. పైగా ఈమధ్య ఒక అమెరికన్ టీవీ సిరీస్‌లో షయెన్ తెగకు చెందిన ఒక పాత్రకు కూడా అదే పేరు పెట్టారు. నెట్‌లో తిరిగే సూక్తుల పోస్టర్లలో వీళ్లందరి ఫొటోలూ కలిసిపోయి ఉంటాయి.

లూథర్ పుట్టింది 1868లో. లకోటాలకు అమెరికా ప్రభుత్వం ఫోర్ట్ లారమీ ఒప్పందం రాసిచ్చిన ఏడాదే అది. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఓటా క్టే. తండ్రి తెగలో నాయకుడు. చిన్నప్పుడు తండ్రితో అడవి దున్నల వేటకు వెళ్లి ఒక దున్నను కొట్టాడు. దానికి చాలా బాణాలు పట్టాయి. ఒక్కటి ఉంచి మిగతావన్నీ పీకేసి, "ఒక్క బాణంతో పడగొట్టాను" అని చెప్పుకుందామా అన్న ఆశ పుట్టిందట. చివరికి తండ్రికి ఉన్నమాటే చెప్పాడు. పెద్దయ్యాక పుస్తకంలో ఈ సంగతి చాలా ఇష్టంగా రాసుకున్నాడు. అతను ఆడిన దున్నల వేట అదొక్కటే. అతను పెద్దవాడయ్యేసరికి వేటాడటానికి దున్నలే మిగల్లేదు.

1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, కార్లైల్ అనే ఊళ్లో, పాత మిలిటరీ బ్యారక్స్‌లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఇండియన్ పిల్లల కోసం బోర్డింగ్ స్కూలు పెట్టాడు. పిల్లల్ని తల్లిదండ్రులకు దూరంగా ఉంచి భాష, జుట్టు, బట్టలు, మతం అన్నీ మార్చేయడం దాని లక్ష్యం. మొదటి జట్టులో వెళ్లినవాళ్లలో లూథర్ ఒకడు. చదువుకోవాలన్న ఆలోచన అతనికి లేదు. తూర్పుకు వెళితే తెల్లవాళ్లు చంపేస్తారనీ, అలా ధైర్యంగా చనిపోతే తండ్రి గర్వపడతాడనీ అనుకుని బయల్దేరాడు. పదకొండేళ్ల పిల్లాడు.

దారిలో సూ సిటీ అనే ఊళ్లో రైలు దగ్గర జనం మూగి, ఈ పిల్లల మీదికి చిల్లర విసిరారు. చిన్నవాళ్లు ఏరుకోబోతే పెద్దపిల్లలు ఆపారు: "తీసుకోకండి, తిరిగి వాళ్లమీదికే విసరండి. తీసుకుంటే మన పేర్లు పెద్ద పుస్తకంలో రాసేసుకుంటారు." ఆ పేర్ల భయం స్కూల్లో నిజంగానే ఎదురైంది. నల్లబల్ల నిండా ఏవో తెల్ల గీతలు. దుబాసీ వచ్చి, అవి పేర్లనీ, ఒక్కొక్కరూ ఒకటి ఎంచుకోవాలనీ చెప్పాడు. ఒక్కడికీ చదవడం రాదు. లూథర్ వంతు వచ్చినప్పుడు, యుద్ధంలో శత్రువును తాకబోతున్నట్టుగా కర్ర పట్టుకుని ఒక గీత మీద పెట్టాడు. అది "లూథర్". ఆ పేరు తెల్లగుడ్డ మీద రాసి చొక్కా వెనక కుట్టారు. తర్వాత కొన్నాళ్లకు జుట్టు కత్తిరించారు. ఆ రోజు ఏడ్చానని రాశాడు.

స్కూల్లో తగరపు పని నేర్పారు. ఈ తగరపు పని గురించి అతను రాసిన రెండు ముక్కలు చాలు ఆ స్కూలు సంగతి తెలియడానికి: అక్కడ తాను చేసిన గిన్నెలు, బకెట్లు ముందే రిజర్వేషన్‌కు (అంటే ఇండియన్లు ఉండటానికి ప్రభుత్వం గీత గీసి కేటాయించిన ప్రాంతానికి) పంపేశారు, తీరా తాను చదువు ముగించి ఇంటికొచ్చేసరికి అందరి ఇళ్లలోనూ తాను చేసిన సామానే ఉంది, ఇక ఆ పనితో బతుకుతెరువు ఎక్కడ?

కార్లైల్ బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా ఊదేవాడు. 1883లో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ బ్రిడ్జి తెరిచిన రోజు ఆ బ్యాండు ముందు నడిచింది ఇతనే. "బ్రిడ్జి దాటిన మొదటి అసలైన అమెరికన్ బ్యాండు మాది" అనే అర్థంలో తర్వాత చమత్కరించాడు.

ఇప్పుడు మీరు కాస్త ఆగి చూడాల్సిన రెండు సంఘటనలు, రెండూ ఫిలడెల్ఫియాలోనే. సినిమాలు ఇంకా పుట్టలేదు, కానీ ఇతని సినిమా జీవితం నాకైతే ఇక్కడే మొదలైనట్టు అనిపిస్తుంది.

ఒకటి: ప్రాట్ ఇతన్ని జాన్ వానమేకర్ డిపార్ట్‌మెంట్ స్టోర్లో పనికి పంపాడు. ఇండియన్ కూడా బుద్ధిగా పనిచేయగలడని జనానికి చూపించాలట. పని బాగా చేస్తున్నాడని కొన్నాళ్లకు ఇంకా బాధ్యతైన పని అప్పగించారు. అదేమిటంటే, ఒక చిన్న అద్దాల గదిలో పెట్టి తాళం వేస్తారు. లోపల పెట్టెల నిండా నగలు. వాటిని ఒక్కొక్కటే తీసి ధర చీటీలు కట్టాలి. బయట జనం అద్దానికి అతుక్కుపోయి, ఇంత విలువైన సరుకు ఒక ఇండియన్ కుర్రాడి చేతికి ఎలా ఇచ్చారా అని చోద్యం చూసేవారట. పనిచేస్తున్నది అతను. కానీ జనం కొనడానికి రాలేదు, చూడటానికి వచ్చారు. అలాంటి కొలువు అతనికి జీవితంలో మళ్లీ మళ్లీ దొరికింది.

రెండోది: 1884లో పేరుమోసిన లకోటా నాయకుడు సిటింగ్ బుల్‌ను ఊరూరా తిప్పి వేదిక మీద చూపిస్తుంటే, లూథర్ టికెట్ కొనుక్కుని చూడ్డానికి వెళ్లాడు. సిటింగ్ బుల్ లకోటాలో మాట్లాడాడు: యుద్ధాలు అయిపోయాయి, మన పిల్లలు చదువుకోవాలి, వాషింగ్టన్‌లో పెద్దాయన్ని కలవడానికి వెళ్తున్నాను, ఇలా సాగింది మాట. పక్కనున్న తెల్లవాడు దాన్ని ఇంగ్లీషులోకి "మార్చి", లకోటాలతో యుద్ధంలో చచ్చిపోయిన అమెరికా సైనికాధికారి కస్టర్‌ను ఎలా చంపారో ఒళ్లు గగుర్పొడిచేలా వర్ణించాడు. హాలంతా నమ్మింది. రెండు భాషలూ అర్థమై, ఏం జరుగుతోందో తెలిసినవాడు ప్రేక్షకుల్లో బహుశా ఈ పదహారేళ్ల కుర్రాడొక్కడే. వెస్టర్న్ సినిమా తర్వాత యాభై ఏళ్లపాటు చేసిన పనికి ఇంతకంటే మంచి నమూనా నాకు ఎక్కడా దొరకలేదు. మనిషి అసలువాడే, వేషం అసలుదే, చెప్పిన కథ మాత్రం ఇంకెవరిదో.

తర్వాత రిజర్వేషన్‌కు తిరిగొచ్చి టీచరుగా, కొట్లో గుమాస్తాగా, పశువులు పెంచుకుంటూ గడిపిన ఏళ్లను నేను వేగంగా దాటేస్తాను. ఒక్కటి చెప్పక తప్పదు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం వందలమంది లకోటాలను, ఆడవాళ్లూ పిల్లలతో సహా చంపింది. అప్పుడతను రోజ్‌బడ్ అనే లకోటా రిజర్వేషన్‌లో టీచరు. తెల్లవాళ్ల పద్ధతులు నేర్చుకోండని తనవాళ్లకు చెబుతున్న మనిషికి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

1902లో బఫెలో బిల్ నడిపే వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలో చేరి ఇంగ్లండ్ వెళ్లాడు. గుర్రాల ఫీట్లు, ఉత్తుత్తి యుద్ధాలు, గుడారాలు అన్నీ ఉండే భారీ బహిరంగ ప్రదర్శన అది. లకోటా బృందానికి ఇతనే దుబాసీ, ఇతనే పెద్దదిక్కు. రాజు ఏడో ఎడ్వర్డ్ ముందు కూడా ఆడారు. ఇక్కడొక చిన్న సంగతి ఉంది, సినిమావాళ్లు ఎవరికి చెప్పినా నవ్వుతారు, ఎందుకంటే మన యూనిట్లలో కూడా భోజనం బంతిని బట్టి మనిషి స్థాయి తెలుస్తుంది. ఒక పూట ఇండియన్ల బల్ల మీదికి మిగతావాళ్లు తినగా మిగిలిపోయిన పాన్‌కేక్‌లు వచ్చాయి. లూథర్ వంటవాళ్లతో పెట్టుకోలేదు. నేరుగా బఫెలో బిల్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆయన వచ్చి, ఈ షోకు ముఖ్యమైన ఆకర్షణ ఇండియన్లే, వాళ్లకు ఏది కావాలంటే అది పెట్టాల్సిందేనని మేనేజర్‌ను నిలబెట్టి చెప్పాడు. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. ఎవరితో చెబితే పని అవుతుందో తెలిసినవాడు లూథర్. ఈ గుణం సినిమాల్లో కూడా పనికొస్తుందనుకున్నాడు.

రెండో విడత పర్యటనకు వెళ్తుండగా, 1904 ఏప్రిల్‌లో, షికాగో దగ్గర మేవుడ్‌లో వీళ్ల రైలును వెనక నుంచి ఇంకో రైలు గుద్దింది. బృందంలో ముగ్గురు చనిపోయారు. లూథర్ ఒళ్లంతా ఎముకలు విరిగి, బతకడేమో అనుకునే స్థితి నుంచి లేచాడు. మరుసటేడు అతన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. కానీ ఆ నాయకుడు రిజర్వేషన్ గీత దాటి బయటికి వెళ్లాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి కావాలి. తన వాటా భూమి అమ్ముకోవాలన్నా అనుమతే. అధికారులతో పోరాడి, పౌరసత్వం సాధించుకుని, అప్పుడు బయటపడ్డాడు.

1912లో కాలిఫోర్నియా చేరాడు. ఆ రోజుల్లో థామస్ ఇన్స్ అనే నిర్మాత, లాస్ ఏంజిలస్‌కు పడమర, శాంటా ఇనెజ్ కనుమలో సముద్రం ఒడ్డున పెద్ద స్టూడియో కట్టాడు. జనం దాన్ని ఇన్స్‌విల్ అనేవారు. చలికాలానికి వెనిస్ బీచ్‌లో మకాం వేసిన 101 రాంచ్ అనే సర్కస్ లాంటి షోను గుర్రాలు, కౌబాయ్‌లు, లకోటా కుటుంబాలతో సహా కుదుర్చుకున్నాడు. లకోటాలు స్టూడియో స్థలంలోనే గుడారాలు వేసుకుని ఉండేవారు. పైన్ రిడ్జ్ అనే లకోటా రిజర్వేషన్ నుంచి కొత్తగా ఎవర్ని రప్పించాలన్నా మళ్లీ ప్రభుత్వ ఏజెంటు అనుమతి, అగ్రిమెంటు. కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టుల్ని వ్యాన్ ఎక్కించినంత సులువు కాదన్నమాట.

ఆ సినిమాలు ఎలా ఉండేవో తెలియాలంటే 1912 నాటి "ది ఇన్వేడర్స్" చూడండి. అందులో సూ (లకోటాలను బయటివాళ్లు పిలిచే పేరు) నాయకుడిగా వేసింది విలియం ఈగిల్ షర్ట్ అనే అసలు లకోటా. కూతురిగా వేసింది ఆన్ లిటిల్ అనే తెల్ల నటి. తండ్రీకూతుళ్లు పక్కపక్కన నిలబడితే మేకప్ ఎవరికి వేశారో దూరం నుంచే తెలిసిపోతుంది. 1914లో "ద లాస్ట్ ఆఫ్ ద లైన్" అనే సినిమాలో ఇంకో మెట్టు పైకెక్కారు. నాయకుడి వేషం జో గుడ్‌బాయ్ అనే లకోటాకు ఇచ్చి, కొడుకు పాత్రకు సెస్సూ హయకవా అనే జపాన్ నటుణ్ణి పెట్టారు. హయకవా గొప్ప నటుడు, అందులో సందేహం లేదు. కానీ పక్క గుడారంలో లకోటా కుర్రాళ్లు ఖాళీగానే కూర్చున్నారు కదా!

లూథర్ ఇక్కడ కూడా పాన్‌కేక్‌ల పద్ధతే పాటించాడు. నేరుగా ఇన్స్ దగ్గరికి వెళ్లి, ఇండియన్ సినిమా ఒక్కటీ సరిగా తీయడం లేదని మొహం మీదే చెప్పాడు. ఇన్స్ కోప్పడలేదు, శ్రద్ధగా విన్నాడు కూడా. విన్నాక ఏం మారిందంటే, పెద్దగా ఏమీ మారలేదు. నా ఉద్దేశంలో తేడా ఇదీ: బఫెలో బిల్‌కు ఇండియన్ నటుడు అలిగితే ఆ సాయంత్రం షో ఆగిపోతుంది. సినిమాలో అయితే ఎవరికైనా రంగు పూసి నిలబెట్టొచ్చు, మాటల్లేవు కాబట్టి భాష రాకపోయినా ఫర్వాలేదు. బేరమాడే బలమే పోయింది.

అయినా అతను పరిశ్రమ వదల్లేదు. నటిస్తూ, సలహాలిస్తూ, ఉపన్యాసాలిస్తూ గడిపాడు. 1921లో విలియం ఎస్. హార్ట్ హీరోగా "వైట్ ఓక్", టాకీలు వచ్చాక 1930లో "ద శాంటా ఫే ట్రెయిల్", 1935లో టామ్ మిక్స్ సీరియల్ "ద మిరకిల్ రైడర్"... ఎక్కువగా తెగ పెద్ద వేషాలే. అన్ని సినిమాల జాబితా ఇమ్మంటే మాత్రం ఎవరిమాటా పూర్తిగా నమ్మకండి. టైటిల్స్‌లో పేరు వేయని సినిమాలు చాలా. దానికితోడు, అమెరికాలో తీసిన మూకీ ఫీచర్ సినిమాల్లో దాదాపు 70 శాతం ఇప్పుడు లేనే లేవని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. అతని పని ఎంత పోయిందో ఊహించుకోవడమే.

తెర మీద చెప్పనివ్వని మాటలన్నీ కాగితం మీద పెట్టాడు. 1928లో "మై పీపుల్ ద సూ" వచ్చింది. ముందుమాట రాసింది ఆ హార్టే, కౌబాయ్ హీరో. ఇప్పటిదాకా నేను చెప్పిన చిన్ననాటి, ఫిలడెల్ఫియా, లండన్ సంగతులన్నీ ఆ పుస్తకంలోవే. అరవై ఏళ్ల వయసులో రాసిన జ్ఞాపకాలని గుర్తుపెట్టుకుని చదవాలి, కొన్నిచోట్ల తేదీలు అటూఇటూ అవుతాయి. 1931లో చాలా ఏళ్ల తర్వాత పైన్ రిడ్జ్ వెళ్లి అక్కడి పేదరికం చూశాక గొంతు మారింది. 1933 నాటి "లాండ్ ఆఫ్ ద స్పాటెడ్ ఈగిల్"లో మొహమాటం లేదు. మొదటి పుస్తకంలో స్కూలు గురించి సర్దుకుపోయిన మనిషే ఇందులో అసలు తెల్లవాళ్లకే మేం నేర్పాల్సింది ఉందంటాడు. రెండూ వరసగా చదివితేనే ఆ మార్పు కనిపిస్తుంది. ఒక్కటే చదివే ఓపిక ఉంటే మొదటిదే చదవండి, కథలన్నీ అందులోనే ఉన్నాయి.

1930ల మధ్యలో, ఇండియన్ వేషాలు ఇండియన్లకే ఇవ్వాలని ఇండియన్ యాక్టర్స్ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఇతనొకడు. ఒలింపిక్ వీరుడు జిమ్ థోర్ప్ కూడా అందులో ఉన్నాడు. థోర్ప్ కూడా కార్లైల్ స్కూల్లోనే చదివాడు, లూథర్ కంటే చాలా తర్వాత. 1939 ఫిబ్రవరిలో, సెసిల్ బి. డిమిల్ తీస్తున్న "యూనియన్ పసిఫిక్"లో చేస్తుండగా లూథర్ జబ్బుపడి, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ పార్క్‌లో చనిపోయాడు. హాలీవుడ్‌లోని శ్మశానంలోనే ఖననం చేశారు. ఆ సినిమా రైలుమార్గం వేసినవాళ్ల వీరగాథ, ఇండియన్లు అందులో రైలు మీద దాడి చేసేవాళ్లు.

తర్వాతి తరాల సంగతి కూడా క్లుప్తంగా చెప్పేస్తాను. రసెల్ మీన్స్ లకోటాల్లో ఓగ్లాలా శాఖవాడు. 1973లో అదే వూండెడ్ నీ ఊరిని 71 రోజులు పట్టుకుని కూర్చున్న ఉద్యమ నాయకుల్లో ఒకడు. ఆ దిగ్బంధం నడుస్తున్నప్పుడే నటుడు మార్లన్ బ్రాండో ఆస్కార్ తిరస్కరించాడు, కారణాల్లో వూండెడ్ నీ ఒకటి. మీన్స్ యాభై దాటాక 1992లో "ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్"తో నటుడయ్యాడు. 1995లో డిస్నీ "పొకహాంటస్"లో తండ్రి పాత్రకు గొంతిచ్చి, ఆ సినిమాను ఆకాశానికెత్తి, సొంత ఉద్యమ మిత్రుల చేత తిట్లు తిన్నాడు. ఆ సినిమా విషయంలో నేను తిట్టినవాళ్ల పక్షమే. 2012లో చనిపోయాడు.

ఇప్పటివాళ్లలో జాన్ మెక్‌లార్నన్ చూడాల్సిన నటుడు. తల్లి వైపు లకోటాల్లో హుంక్‌పాపా శాఖ. 2015లో "ఫార్గో" రెండో సీజన్‌లో పెద్దగా మాటల్లేని హంతకుడి వేషంతో అందరి కళ్లలో పడ్డాడు. 2018లో "వెస్ట్‌వరల్డ్" సిరీస్‌లో "కిక్సుయా" అనే ఎపిసోడ్ దాదాపు మొత్తం లకోటాలోనే నడుస్తుంది, ఇంగ్లీషువాళ్లు సబ్‌టైటిల్స్ చదువుకోవాల్సిందే. 2022 నుంచి వస్తున్న "డార్క్ విండ్స్"లో అతనే హీరో, అతనే నిర్మాతల్లో ఒకడు. రచయితల్లో ఎక్కువమంది ఆదివాసులే. అయితే పాత్ర నావహో అనే వేరే తెగ పోలీసు అధికారిది, నటుడు లకోటా. మొదటి సీజన్‌లో నావహో భాష పలికిన తీరు బాగాలేదని నావహో ప్రేక్షకులు గట్టిగానే దులిపారు. రెండో సీజన్‌కు భాష మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టారు. ఈసారి తప్పు పట్టింది ప్రేక్షకులు, దిద్దుకున్నది నిర్మాతలు. ఇన్స్ కాలంలో లూథర్ ఒక్కడే వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

మీకు చూడటానికి వరస కావాలంటే: ముందు "ది ఇన్వేడర్స్", నలభై నిమిషాల మూకీ, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో దొరుకుతుంది. తర్వాత "మై పీపుల్ ద సూ"లో కార్లైల్, ఫిలడెల్ఫియా అధ్యాయాలు. ఆ తర్వాత "కిక్సుయా". మిగతా సిరీస్ చూడకపోయినా ఈ ఒక్క ఎపిసోడ్ కథ చాలావరకు అర్థమవుతుంది. సబ్‌టైటిల్స్ మాత్రం ఆన్‌లో ఉంచుకోండి.